ఏడు ముడుల ముఖం

రథపందేల రుతువు మొదలవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు కుంభినీపురానికి కుడిచెయ్యి విరిగింది. రాజుగారి చెయ్యి కాదు లెండి. అది విరిగినా పట్టుగుడ్డతో మెడకు వేలాడదీసి, రాజముద్ర ఎడమచేత్తో వేయించేవారు, రాజ్యం నడిచిపోయేది. విరిగింది సారథి విక్రాంతుడి చెయ్యి.

విక్రాంతుడంటే మూడేళ్ళుగా ఏడు రాజ్యాల పందేల్లో ఓటమి ఎరగనివాడు. అతని రథం ఎంత జోరుగా పోయేదంటే, అది గమ్యం చేరి, గుర్రాలు నీళ్ళు తాగి, ఒళ్ళు దులుపుకున్నాక గానీ దాని నీడ వచ్చి చేరేది కాదు. ఒకసారి ఆ నీడ దారి తప్పి పొరుగు రాజ్యంలోకి పోతే అక్కడి కావలివాళ్ళు సుంకం అడిగారట. సుంకం మాట కాస్త ఎక్కువ చేసి చెప్పి ఉండొచ్చు. నీడ మాట మాత్రం నిజం.

అంతటివాడు సాధన చేస్తూ చేస్తూ, ఊరి బయట మైదానంలో, కుడి చక్రం ఊడి బోర్లాపడ్డాడు. ఆ వేళకు అక్కడ ఇంకొకడు తప్ప పిట్ట కూడా లేదు. ఆ ఒక్కడే కోనారి.

కోనారిది ఇరుసులకు ఆముదం రాసే పని. తాతల నాటి నుంచీ వాళ్ళింటిది అదే పని. పదేళ్ళుగా విక్రాంతుడి రథం కింద వెల్లకిలా పడుకునే పెరిగాడు. ఆముదం అతని ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే దోమ వాలితే జారి కిందపడేది. కళ్ళు మూసుకుని రథం చప్పుడు వింటే చాలు, ఏ చక్రంలో నడిమి నుంచి అంచుకు పోయే ఆకుల్లో ఎన్నోది వదులైందో చెప్పగలడు. నలుగురిలో విక్రాంతుణ్ణి ‘దొరా’ అనేవాడు, ఎవరూ లేనప్పుడు ‘అన్నా’ అనేవాడు. అలా పిలవమన్నది విక్రాంతుడే.

చక్రం ఊడిందంటే దానికి చీల లేదన్నమాట. ఇరుసు కొసన, చక్రం జారిపోకుండా దిగగొట్టే జానెడు ఇనుప చీల అది. ఆ చీల చూసుకోవలసినవాడు కోనారి. తెల్లవారకముందే లేచి సుత్తితో మూడు దెబ్బలు కొట్టినట్టు అతనికి స్పష్టంగా గుర్తు. మైదానమంతా గాలించినా చీల దొరకలేదు. మొదటి రెండు రోజులూ కొట్టాను, కొట్టాను అనుకున్నాడు. మూడోనాటికి కొట్టానా అనుకున్నాడు. నాలుగో రోజుకి కొట్టలేదనే తేల్చుకుని అన్నం మానేశాడు.

విక్రాంతుడు మాత్రం ఒక్క మాట అనలేదు. చెయ్యి విరిగిన సంగతి మూడో మనిషికి తెలియకూడదని చెప్పి, కోనారి చేతే కట్టు కట్టించుకుని, తోటలోని మిద్దెలో పడుకున్నాడు. కోనారి కన్నీళ్ళు పెట్టుకుంటే ఎడమచేత్తో వీపు తట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేదని కోనారికి అనిపించింది.

ఎనిమిదోనాడు పొద్దున్నే విక్రాంతుడు అతన్ని పిలిచి అసలు మాట చెప్పాడు. తన బదులు పందెంలో రథం తోలమన్నాడు.

ఇక్కడ ఆ ఏడు రాజ్యాల ఆచారం ఒకటి చెప్పుకోవాలి. అక్కడ సారథులందరూ ముఖానికి లోహపు ముఖం కట్టుకునే రథమెక్కుతారు. మొదట్లో దుమ్ము పడకుండా కట్టేవారు, పోను పోను అదే మర్యాద అయి కూర్చుంది. ఎవరి ముఖం కట్టుకుంటే ఆ మనిషే, లోపలి ముఖం ఎవరూ ఎరగరు. తలవెనక ఏడు ముడులు. ఎవరు వేస్తే వాళ్ళే విప్పాలి. ఇంకొకరి చెయ్యి పడినా, కత్తి తగిలినా, ఆ తోలుపట్టీ బిగుసుకుని ముఖంతో పాటు తల కూడా ఊడివస్తుంది. అది ఆచారమా, మంత్రమా అని ఇద్దరు పండితులు వాదించుకుని, తేల్చుకుందామని ఒకరి ముడి ఒకరు విప్పారట. ఆ వాదం అక్కడితో ఆగిపోయింది.

విక్రాంతుడి ముఖం మేలిమి బంగారం. నుదుట సూర్యుడు, చెంపల మీద జ్వాలలు, పెదవుల మీద చిరునవ్వు.

“గుర్రాలు నీ చేతికి బాగా అలవాటురా తమ్ముడూ. పందెం అయ్యాక రాజుగారి ఎదుట ఈ ముడులు నేనే విప్పుతాను. తోలింది నేను కాదు, మా కోనారి అని నేనే చెబుతాను. ఆనాటి నుంచి నీకూ ఒక రథం, నీకూ ఒక ముఖం” అన్నాడు విక్రాంతుడు.

“రథం వద్దన్నా. కోనారి తోలాడని ఒక్కసారి చెప్పు, అది చాలు.”

పందెం చివర ప్రతి రథానికీ దాని ఆముదంవాడు కుండ పట్టుకుని నిలబడి ఉండాలి. లేకపోతే ఆ రథం గెలిచినా లెక్కలోకి రాదు. కనుక కోనారి తలపాగా, జిడ్డు ధోవతీ విక్రాంతుడు కట్టుకున్నాడు. ముఖానికి మసి పూసుకున్నాడు. కట్టును పైపంచె కింద దాచాడు. తరువాత కోనారిని గుర్రాల వైపు తిప్పి నిలబెట్టి, బంగారు ముఖం తొడిగి, వెనక చకచకా ఏడు ముడులు వేశాడు. అవి ఇరుసుముడులు. ఆముదంవాళ్ళ ఇళ్ళలో తప్ప బయట ఎవరూ వేయరు. పదేళ్ళ కిందట విక్రాంతుడు ముచ్చటపడితే కోనారే పక్కన కూర్చుని నేర్పాడు. రాచరికపు ముడి మాని మావాళ్ళ ముడి వేశాడు అన్న అని కోనారి గుండె ఉప్పొంగింది. విరిగిన చేత్తో ఎంత నొప్పి ఓర్చుకుంటున్నాడో అనుకుని కళ్ళు తుడుచుకోబోతే చేతికి బంగారం తగిలింది.

పొద్దు బారెడెక్కేసరికి పందెపు బాట కళకళలాడింది. పగడాల తోరణాలు, నెమలిపింఛాల గొడుగులు, మంచుగడ్డల్లాంటి పాలరాతి మంచెల మీద ఏడుగురు రాజులు, వారి వెనక నక్షత్రమండలంలా మెరుస్తున్న రాణివాసాలు. పన్నెండు రథాలు వరుసగా నిలిచాయి. వెండి నొగలు, దంతపు ఆకులు, కాడికి కట్టిన గంటలు. కుంభినీపురపు మహారాజు సుకేతనుడు తెల్ల కలువను గాల్లోకి విసిరాడు. కలువ నేల తాకింది. నేల కనిపించలేదు, అంత దుమ్ము లేచింది.

మొదటి మలుపులో ఒక రథం మంచెను ఢీకొంది. రెండో మలుపులో రెండు రథాలు ఒకదానికొకటి చిక్కుకుని, విడదీయడానికి వచ్చిన ఏనుగు కూడా వాటిలోనే చిక్కుకుంది. మూడో మలుపు దగ్గర మొసళ్ళ వాగు. అవి ఏడాదికొకసారి ఆ పందెం కోసమే పస్తు ఉండే మొసళ్ళు. కోనారి పగ్గాలు కాస్త వదిలి, నోటితో టక్కుటక్కుమని రెండు చప్పుళ్ళు చేశాడు. గుర్రాలకు అది ఉలవల వేళ చప్పుడు. ఆ ఆశతో నాలుగూ ఒక్క దూకున మొసళ్ళ వీపుల మీదుగా అవతలి గట్టు చేరాయి. వెనక వచ్చిన మూడు రథాలు చేరలేదు. ఆ ఏడాది మొసళ్ళకు ఇత్తడి గంటలతో సహా భోజనం.

నాలుగో మలుపులో ఏడు రాజ్యాల్లో ఒకటైన జంబుకగిరి రథం పక్కకు వచ్చింది. దాని చక్రాలకు కొడవళ్ళు, దాని సారథికి ఇనుప నక్కముఖం. కొడవలి రెండుసార్లు కోనారి చక్రపు ఆకులను గీరింది. మూడోసారి గీరేలోపు బాట చీలి, అతని గుర్రాలు వాటంతట అవే ఎడమకు తిరిగాయి. మూడేళ్ళుగా వాటికి అలవాటైన దారి అది. కోనారి ఎంత లాగినా వినలేదు.

అది గాలిలోయ.

అటూ ఇటూ ఎర్రని కొండలు. మధ్యలో గాలులు మందలు మందలుగా తిరుగుతున్నాయి. వాటి మధ్య బండమీద ఒక ముసలిది కూర్చుని, దుమ్మును తాడుగా పేనుతోంది. ఆమె జుట్టు నేలంతా పరుచుకుని, ఎక్కడ జుట్టు అయిపోయి ఎక్కడ దుమ్ము మొదలైందో తెలియకుండా ఉంది. అమ్మల అమ్మల కాలం నుంచి పిల్లల్ని భయపెట్టడానికి వాడుకునే ధూళికేశి ఆమే. గుర్రాలు వెళ్ళి ఆమె ముందు ముంగాళ్ళు మడిచి కూర్చున్నాయి.

“దిగరా విక్రాంతా. మూడేళ్ళు గెలిపిస్తే నాలుగో ఏడు మొదటి పందెంలో నా దగ్గరికి వచ్చేస్తానన్నావు. వచ్చావు. ఆడినమాట నిలబెట్టుకునే మగాణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో” అంది ధూళికేశి.

కోనారి దిగి, తాను విక్రాంతుణ్ణి కాదని, ఆముదం రాసేవాణ్ణని చెప్పుకున్నాడు. ఆమె నవ్వింది. తనకు మనుషులు కనిపించరనీ, తాను పోసిన లోహం మాత్రమే కనిపిస్తుందనీ, ఈ బంగారు ముఖం తాను పోసిందేననీ చెప్పింది. లోయలో తిరుగుతున్న గాలులన్నీ అలా మాటిచ్చి వచ్చిన సారథులేనట. ఇప్పుడు వాటికి పేర్లు లేవు, పిలిస్తే పలకవు. చెప్పుకుంటూనే లేచి వచ్చి అతని చుట్టూ తిరిగి వాసన చూసింది. తలవెనక వేళ్ళు పెట్టబోయి, ముడులకు జానెడు దూరంలో ఆగింది.

“ఆముదం కంపు కొడుతున్నావు, నిజమే. ఇవేం ముడులురా? నేనెప్పుడూ చూడలేదు.”

“ఇరుసుముడులమ్మా. మావాళ్ళవి.”

“ఎలా వేస్తారు?”

ఎడమచేత్తో కొస పట్టి, కుడిచేత్తో చుట్టు తిప్పి, రెండు చేతులా ఒక్కసారి గుంజాలని కోనారి చెప్పాడు. పదేళ్ళ కిందట విక్రాంతుడికి చెప్పినట్టే, వేళ్ళతో చూపిస్తూ చెప్పాడు.

“ఒంటిచేత్తో పడతాయా?”

“పడవు.”

ఆ మాట అన్నాక అతని చేతులు గాల్లో అలాగే నిలిచిపోయాయి. ముసలిది పేనుతున్న తాడును పక్కన పెట్టింది.

కోనారి చేతులు దించాడు. “మూడు దెబ్బలు కొట్టాను.”

“ఏమిట్రా?”

“చీలకు. మూడు దెబ్బలు కొట్టాను. నాకు గుర్తే. తరవాత ఎవరో పీకారు. ఆ చెయ్యి విరగనే లేదు.”

ధూళికేశికి చీల సంగతి తెలియదు గానీ, మోసపోయినవాడి గొంతు తెలుసు. ఆ లోయలో గాలులన్నీ మొదట్లో ఆ గొంతుతోనే మాట్లాడాయి. అయితే ఆమెకూ ఒంటిమీద దద్దుర్లు లేచినంత కోపం వచ్చింది, కోనారి మీద జాలితో కాదు, తన బేరంలో సరుకు మారినందుకు.

“నువ్వు ఎవడివైనా నా కళ్ళకు విక్రాంతుడివే. ఇప్పుడు తీసుకుంటే వాడు ఊళ్ళో కూర్చుని నవ్వుకుంటాడు. రెండో పందానికి జంబుకగిరికి పోయే దారి కూడా ఈ లోయలోంచే కదా. అప్పుడు వాణ్ణి వెంట తీసుకురా. ఆ ముడులు వాడి చేత్తో విప్పి, వాడి ముఖాన కట్టుకోవాలి. అలా అయితే వాణ్ణి తీసుకుంటాను. లేదంటే బంగారం వెనక ఏ తల ఉంటే ఆ తలే” అంది.

“వాడెందుకు విప్పుతాడు? విప్పితే చస్తాడు.”

“అది నీ తిప్పలు నాయనా. నా తిప్పలు నేను పడటం లేదూ.”

అని, ఇంత దుమ్ము ముక్కులోకి పీల్చి ఒక్క తుమ్ము తుమ్మింది. ఆ తుమ్ముకు రథం, గుర్రాలు, కోనారి కలిసి కొండ దాటి, ఒక కొంగలబారును దాటి, ఆరో మలుపు దగ్గర పదహారు కాళ్ళూ రెండు చక్రాల మీద దిగారు. ఆ కొంగలు నేటికీ ఆ దారిన తల వంచే ఎగురుతాయి.

ముందు జంబుకగిరి రథం ఒక్కటే ఉంది. బారెడు దూరం, ఇంకా ఒకే ఒక మలుపు. కోనారి చెవి ఒగ్గి విన్నాడు. నక్కముఖంవాడి ఎడమ ఇరుసు ఎండిపోయి కీచుమంటోంది. వాళ్ళ ఆముదంవాడు ఎడమవైపు పొదుపు చేసినట్టున్నాడు. కోనారి అటు ఎడమనుంచే తరిమాడు. వాడు మలుపులో బరువంతా ఎడమచక్రం మీదే వేయవలసి వచ్చింది. కీచు పొగ అయింది, పొగ మంట అయింది, చక్రం కరుచుకుని నిలిచిపోయింది. నక్కముఖంవాడు ఒంటిచక్రం చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ ఉండగా కోనారి గెలుపు తోరణం దాటాడు.

తోరణం కింద జిడ్డు తలపాగాతో, మసి ముఖంతో విక్రాంతుడు ఆముదం కుండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వస్తున్న బంగారు ముఖాన్ని చూశాడు. కుండ చేతిలోంచి జారి పగిలింది. గాలిలోయ నుంచి ఆ ముఖం తిరిగి వస్తుందని అతను అనుకోలేదు. ఆ జారిన కుండను రెండు చేతులా పట్టుకోబోయాడు కూడా.

కోనారి రథం దిగి దగ్గరికి వెళ్ళాడు. లోయలో విన్నదీ, తేల్చుకున్నదీ మరచిపోయినవాడిలా, పదేళ్ళ అలవాటుతో అడిగాడు.

“ముడులు విప్పన్నా.”

విక్రాంతుడు రెండడుగులు వెనక్కి వేసి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా వంగి దండం పెట్టాడు.

“ఎవర్ని అన్నా అంటున్నారు దొరా? నేను కోనారిని. ఆముదం రాసేవాణ్ణి.”

జనం ఘొల్లున నవ్వారు. గెలిచిన మత్తులో దొరకు పనివాడు కూడా అన్నగా కనిపిస్తున్నాడని ఎవరో అన్నారు. బంగారు ముఖం మాత్రం చిరునవ్వు నవ్వుతూనే ఉంది. దాని వెనక ఏముందో చూడటానికి అక్కడ ఎవరికీ కళ్ళు లేవు.

సుకేతన మహారాజు మంచె దిగి వచ్చి, బంగారు చెంపలను రెండు చేతులా నిమిరి, ఏం కావాలో కోరుకోమన్నాడు. గెలిచిన సారథికి ఒక కోరిక చెల్లించడం అక్కడి ఆనవాయితీ. కోనారికి గొంతుదాకా వచ్చిన మాట ఒకటే. నేను కోనారిని, వీడు విక్రాంతుడు. అది చెప్పొచ్చు. ముడులు నేను వేయలేదని వాడు మూడుసార్లు అంటే చాలు, రాజు వాడి చేత ముట్టించడు, ముట్టుకుంటే తల పోతుంది కదా. మళ్ళీ ఈ ముఖమే మిగులుతుంది. వాడేమో రాత్రికి రాత్రి కోనారి పేరుతో ఓడ ఎక్కి పోతాడు.

“ప్రభూ, ఈ కోనారి నాకు కావాలి” అన్నాడు కోనారి.

రాజు ఆశ్చర్యపోయాడు. ఏనుగులు, ఊళ్ళు అడుగుతాడనుకున్నాడు.

“జంబుకగిరి పందెం దాకా నా రథం మీదే ఉండాలి. ఇరుసుకు గొలుసు వేసి, వీడి కాలికి తగిలించండి. పారిపోతాడని కాదు ప్రభూ. ఇలాంటి పనివాడు ఇంకొకడు దొరకడు. దారిలో ఎవరైనా ఎత్తుకుపోతారని నా భయం.”

రాజు కడుపారా నవ్వి సరేనన్నాడు. కమ్మరి వచ్చాడు. విక్రాంతుడు తాను రెండు కాళ్ళ మీదా నిలబడలేనంత జబ్బువాణ్ణని మొదలుపెట్టాడు, ముసలి తల్లి ఉందన్నాడు, ఆముదం పడని ఒళ్ళన్నాడు. కమ్మరి ఇవేవీ వినలేదు. మంచెల మీంచి జనం ‘విక్రాంతుడికి జయం’ అని అరుస్తున్నారు. ఆ పేరు విని తల తిప్పవలసినవాడు కాలికి గొలుసు వేయించుకుంటున్నాడు. తిప్పకూడనివాడు చెయ్యి ఎత్తి ఊపాడు.

గెలిచిన రథం కాడి దించకుండానే రెండో పందానికి బయలుదేరాలి. నడిమిపొద్దున కోనారి పగ్గాలు అందుకున్నాడు. ఊరి చివరి తోటలు దాటాక, మనుషులు లేని చోట, కింద ఇరుసు మీంచి మెల్లగా మాట వచ్చింది.

“తమ్ముడూ, నా మాట విను. ఆ లోయ దాటి ఇంకో దారి ఉంది. నాకు తెలుసు.”

కోనారి వెనక్కి తిరగలేదు. “నువ్వు నా పేరు పెట్టుకున్నావు. ఆ పేరున్నవాడు దొరలకు దారులు చెప్పడు. అడిగితే ముడులు విప్పుతావా, అది చెప్పు.”

కింద గొలుసు చప్పుడు ఆగిపోయింది. ఎర్రకొండలు కనిపించే దూరానికి వచ్చారు. గుర్రాల చెవులు నిక్కబొడుచుకున్నాయి, ఎదురుగాలిలో చల్లదనం మొదలైంది. అప్పుడు రథం చప్పుళ్ళన్నిటిలోంచి ఒక కొత్త చప్పుడు కోనారి చెవికి అందింది. ఇనుము మీద ఇనుము, సన్నగా, ఆగి ఆగి. ఇరుసు కింద ఎవరో పనిముట్ల సంచిలోని ఆకురాయితో గొలుసు కోస్తున్నారు. సగానికి పైగా కోసేసిన చప్పుడది.

రథం ఆపి దిగితే, ఆ మొనదేలిన ఆకురాయి పట్టుకుని కింద ఒకడు కాచుకుని ఉన్నాడు. ఆపకపోతే, ఈ నడకన లోయ వచ్చేలోపు గొలుసు తెగుతుంది.

కోనారి పగ్గాలు పూర్తిగా వదిలేసి, నాలుగు గుర్రాల వీపుల మీదా ఒకేసారి చెర్నాకోల ఝళిపించాడు.